పుట్టుమచ్చ, ఆనెకాయ, గోటి గీత: మెలనోమా గురించి పాఠకులు అడిగినవి

కిందటి సంచికలో చర్మ క్యాన్సర్ల గురించి రాస్తూ మెలనోమాను ఒక్క పేరాలో ముగించాను. ఆ తరవాత వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఆ పేరా గురించే ఉన్నాయి. కొన్నింటిలో భయం, కొన్నింటిలో చేతికి వచ్చిన రిపోర్టులు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. రాసిన వారి పేర్లు, ఊళ్ళు తీసివేశాను. పత్రికలో ఇచ్చే జవాబు డాక్టరు కళ్ళతో చూసి చేసే పరీక్షకు సాటి రాదని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా నాన్నగారి వయసు 61. ఎడమ మడమ కింద నల్లని మచ్చ ఏడాదిన్నరగా ఉంది. ఆనెకాయ అనుకొని పట్టీలు వేసుకున్నారు, రెండుసార్లు బ్లేడుతో చెక్కుకున్నారు. ఈ మధ్య రసి కారుతుంటే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘ఏక్రల్ లెంటిజినస్ మెలనోమా, బ్రెస్లో మందం 2.3 మి.మీ., అల్సరేషన్ ఉంది’ అని వచ్చింది. ఈ మాటలకు అర్థం ఏమిటి? రెండు మిల్లీమీటర్ల దానికి ఇంత హడావుడి ఎందుకు?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఆ 2.3 మిల్లీమీటర్లు మచ్చ వెడల్పు కాదు. అది చర్మంలోకి ఎంత లోతుకు దిగిందో చెప్పే కొలత. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారు చేస్తాయి. ఇవి చర్మపు పై పొరలో, అన్నిటికన్నా అడుగు వరుసలో ఉంటాయి. ఆ కణాలు అదుపు తప్పి పెరగడాన్నే మెలనోమా అంటారు. పై పొరలో రక్తనాళాలు ఉండవు కాబట్టి, కణితి ఆ పొరలోనే ఉన్నంత కాలం వేరే అవయవానికి పోవడానికి దానికి దారి దొరకదు. కింది పొరలోకి దిగితే మాత్రం అక్కడ రక్తనాళాలూ, లింఫ్ అనే పలుచని ద్రవాన్ని మోసుకుపోయే లింఫ్ నాళాలూ అందుబాటులోకి వస్తాయి. అందుకే పాదం మీద బొటనవేలంత వెడల్పున పరుచుకున్న మచ్చ అయినా పై పొర దాటకపోతే దాన్ని పూర్తిగా కోసివేయడంతో చాలావరకు సరిపోతుంది; పెన్సిలు మొనంత ఉన్నది కూడా లోతుకు దిగితే లెక్క మారిపోతుంది.

ఈ లోతును కొలిచే పద్ధతిని 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికన్ పాథాలజిస్టు (ఒంటి నుంచి తీసిన ముక్కలను పరీక్షించి జబ్బును తేల్చే వైద్యుడు) ప్రతిపాదించారు. తీసిన ముక్కను మైనంలో బిగించి, వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పలుచని పొరలుగా తరిగి, రంగులు అద్ది, సూక్ష్మదర్శిని కటకంలో గీసి ఉన్న కొలబద్దతో పై నుంచి అన్నిటికన్నా అడుగున ఉన్న క్యాన్సర్ కణం దాకా కొలుస్తారు. ఇంత సాదా కొలత అర్ధ శతాబ్దం దాటినా ఈ జబ్బు భవిష్యత్తును అంచనా వేయడంలో మొదటి స్థానంలోనే ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఒక మిల్లీమీటరు, రెండు, నాలుగు అనేవి ఇందులో హద్దు రాళ్ళు. 0.8 మి.మీ. లోపు ఉండి, పుండు పడని మెలనోమా ఉన్నవారిలో అయిదేళ్ళ తరవాత కూడా నూటికి 99 మంది దాకా ఈ జబ్బు బారిన పడి మరణించకుండా ఉంటారు. లోతు పెరిగేకొద్దీ ఆ సంఖ్య తగ్గుతూ వస్తుంది. మీ నాన్నగారిది రెండుకూ నాలుగుకూ మధ్య ఉన్న తరగతి.

అల్సరేషన్ అంటే కణితి మీద ఉండవలసిన పై పొర ఊడిపోయి పుండు పడడం. ఇది ఉంటే అదే లోతున్న కణితిని ఒక మెట్టు ఎక్కువ తీవ్రమైనదిగా లెక్కిస్తారు. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. మీ నాన్నగారు బ్లేడుతో చెక్కుకున్న సంగతి డాక్టరుకు చెప్పి ఉండకపోతే తప్పక చెప్పండి. బ్లేడు గాయం వల్ల ఊడిన చర్మాన్నీ, కణితి తినివేసిన చర్మాన్నీ పాథాలజిస్టు వేరుచేసి చూడవలసి ఉంటుంది. తీసినది మచ్చలో ఒక ముక్క మాత్రమే అయితే, మొత్తం కోసి తీసిన తరవాత లోతు ఇంకా ఎక్కువగా తేలవచ్చు. ఆ మాటకు ముందే సిద్ధపడి ఉండడం మంచిది.

ఏక్రల్ అనే మాట శరీరం చివరి భాగాలను, అంటే అరచేతులు, అరికాళ్ళు, గోళ్ళను సూచిస్తుంది. అరికాలి మెలనోమాను ఆనెకాయగా, పులిపిరిగా, మానని పుండుగా పొరబడడం చాలా మామూలుగా జరుగుతుంది. వైద్యులు కూడా పొరబడతారు. కాబట్టి ఏడాదిన్నర ఆలస్యానికి ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకండి. ఇక చేయవలసినది మచ్చ చుట్టూ సుమారు రెండు సెంటీమీటర్ల మేర బాగున్న చర్మంతో సహా కోసి తీయడం. మడమ మీద అంత మేర తీస్తే అంచులు లాగి కుట్టడం కుదరదు కనుక వేరే చోటి నుంచి చర్మం తెచ్చి అతకవలసి రావచ్చు. ఆపరేషన్ తరవాత ఎన్నాళ్ళు కాలు మోపకూడదో, నడక ఎలా ఉంటుందో సర్జన్‌ను ముందే అడగండి.

ప్రశ్న: మా అత్తగారికి పాదం మీద మెలనోమా. దాన్ని తీసేటప్పుడే గజ్జలో కూడా ఒక గ్రంథి తీస్తామన్నారు. అక్కడ తడిమితే బిళ్ళ ఏమీ లేదు. స్కానులోనూ ఏమీ కనిపించలేదు. ఇది అవసరమా?

జవాబు: మీ అత్తగారి మచ్చ లోతు ఎంతో మీరు రాయలేదు. సాధారణంగా ఒక మిల్లీమీటరు దాటితే ఈ పరీక్ష సూచిస్తారు, 0.8 నుంచి ఒకటి వరకు ఉన్నప్పుడు మంచిచెడ్డలు మాట్లాడుకొని నిర్ణయిస్తారు.

పాదం నుంచి వచ్చే లింఫ్ ద్రవం ఎక్కువగా గజ్జలోని గ్రంథులకు చేరుతుంది. వాటిలో ఏదో ఒకటి, లేదా రెండు మూడు, ఆ మచ్చ ఉన్న చోటి నుంచి వచ్చే ద్రవాన్ని అన్నిటికన్నా ముందు అందుకుంటాయి. క్యాన్సర్ కణం బయలుదేరితే మొదట ఆగేది అక్కడే కనుక దాన్ని సెంటినెల్ గ్రంథి, అంటే కాపలా గ్రంథి, అంటారు. మచ్చ ఉన్న చోట స్వల్ప రేడియోధార్మిక ద్రవాన్నీ నీలిరంగునూ ఎక్కిస్తే అవి అదే దారిలో ప్రయాణించి ఆ గ్రంథిని పట్టిస్తాయి. చిన్న కోతతో దాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. డోనాల్డ్ మోర్టన్ బృందం 1992లో ఈ పద్ధతిని ప్రచురించింది. చేతికి తగిలే బిళ్ళ కావాలన్నా, స్కానులో కనిపించాలన్నా కోట్లాది కణాలు పోగుపడాలి. ఈ పరీక్షలో కొద్దిపాటి కణాలు కూడా బయటపడతాయి.

అందులో క్యాన్సర్ కనిపిస్తే ఒకప్పుడు గజ్జలోని గ్రంథులన్నిటినీ తీసివేసేవారు. కొందరికి కాలు జీవితాంతం వాచి ఉండేది. అలా అన్నీ తీయడం వల్ల ఆయుష్షు పెరగడం లేదని 2017లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చిన తరవాత ఆ అలవాటు చాలావరకు పోయింది. ఇప్పుడు చాలామందిని అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకొని ఉంటూ, మందులు అవసరమా అన్నది చూస్తారు. కాబట్టి ఒక గ్రంథి తీయడానికి ఒప్పుకుంటే అన్నీ తీస్తారేమోనన్న భయం అక్కరలేదు.

ప్రశ్న: మా కుటుంబంలో అందరం నల్లగా ఉంటాం. మెలనోమా తెల్లవాళ్ళకు, ఎండలో పడుకొనేవాళ్ళకు వచ్చే జబ్బని చదివాను. మేం పట్టించుకోవలసిన అవసరం ఉందా?

జవాబు: మీరు చదివినదాంట్లో నిజం ఉంది. ప్రపంచంలో ఏటా మూడు లక్షలకు పైగా కొత్త మెలనోమా కేసులు నమోదవుతుంటే, జనాభాతో పోల్చి చూసినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కనిపిస్తాయి. అక్కడ తెల్లని చర్మం, తీవ్రమైన ఎండ రెండూ కలిశాయి. నల్లని చర్మంలో మెలనోసైట్ల సంఖ్య తెల్లని చర్మంలో ఉన్నంతే. అవి తయారు చేసే మెలనిన్ మాత్రం ఎక్కువగా ఉండి, అతినీలలోహిత కిరణాలను కణం కేంద్రం దాకా పోనివ్వకుండా చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే ఎండ వల్ల వచ్చే రకం మెలనోమా నల్లని వారిలో అరుదు.

అయితే అరికాలి, అరచేతి, గోటి మెలనోమా సంగతి వేరు. ఎండ తగలని చోట వచ్చేదానికి ఎండతో పెద్ద సంబంధం లేదు. చర్మం రంగు కూడా దాన్ని ఆపదు. ఈ రకం వచ్చే రేటులో తెల్లవారికీ నల్లవారికీ మధ్య పెద్ద తేడా లేదు. మిగిలిన రకాలు తక్కువ కాబట్టి నల్లని చర్మం ఉన్నవారికి వచ్చే మెలనోమాలో ఎక్కువ భాగం ఇదే అవుతుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి వచ్చినది ఇదే. 1977లో కాలి బొటనవేలి గోటి కింద కనిపించినదాన్ని ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించారు. నాలుగేళ్ళలో మెదడు దాకా పాకి, 1981 మేలో, 36 ఏళ్ళ వయసులో ఆయన మరణించారు.

అరుదైన జబ్బు కనుక ప్రతి నల్లని చుక్కకూ ఉలిక్కిపడనక్కరలేదు. నెలకు ఒకసారి కూర్చొని, మంచి వెలుతురులో, అవసరమైతే చేతి అద్దం పెట్టుకొని, అరికాళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళు చూసుకుంటే చాలు. కీళ్ళ నొప్పులతో పాదం ఎత్తి చూసుకోలేని పెద్దవారికి ఇంట్లో ఎవరో ఒకరు ఆ పని చేసిపెట్టాలి. నిజానికి ఎక్కువగా ఈ జబ్బు వచ్చేది ఆ వయసు వారికే.

ప్రశ్న: నా వయసు 44. కుడి చేతి బొటనవేలి గోటిలో పొడవునా సన్నని నల్లగీత వచ్చింది. ఆరు నెలలైంది. నొప్పి లేదు. తలుపు సందులో వేలు నలిగినట్టు గుర్తు, కానీ ఖచ్చితంగా చెప్పలేను. ఇది మెలనోమాయేనా?

జవాబు: ఉత్తరం చూసి అవునని గానీ కాదని గానీ చెప్పలేను, ఎలా తేల్చుకోవాలో చెప్పగలను. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో వయసు పెరిగేకొద్దీ గోళ్ళలో ఇలాంటి గీతలు రావడం సహజం. అవి సాధారణంగా రెండు మూడు వేళ్ళకైనా ఉంటాయి, సన్నగా ఉంటాయి, రంగు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, అంచులు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. కాబట్టి ముందు మిగిలిన తొమ్మిది వేళ్ళూ, కాలి వేళ్ళూ చూసుకోండి.

తరవాత నలిగిన రక్తం సంగతి. గోటి కింద గడ్డకట్టిన రక్తం గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. చేతి గోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు అందులో సగం కూడా పెరగదు. ఫోన్‌తో దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి, ఈ రోజు ఒక ఫోటో తీయండి. మూడు నాలుగు వారాల తరవాత అదే వెలుతురులో మళ్ళీ తీయండి. నలుపుకూ గోటి మొదలుకూ మధ్య తేటగా, కొత్త గోరు కనిపిస్తే అది చాలావరకు రక్తమే. నలుపు మొదలు దగ్గర నుంచే వస్తూ ఉంటే, గోరు పుట్టే చోటే రంగు తయారవుతోందని అర్థం. మీరు చెప్పినట్టు ఆరు నెలలుగా గోరు పొడవునా ఉన్న గీత దెబ్బ వల్ల వచ్చిన రక్తంలాగా నాకు అనిపించడం లేదు. ఆరు నెలలలో ఆ గోరు ఇంచుమించు మొత్తం మారిపోయి ఉండాలి.

అనుమానించవలసిన గుర్తులు ఇవి. ఒకే వేలికి, అందులోనూ చేతి లేదా కాలి బొటనవేలికి రావడం. మూడు మిల్లీమీటర్లకన్నా వెడల్పు ఉండడం లేదా వెడల్పు పెరుగుతూ ఉండడం. గోధుమ, నలుపు, బూడిద చారలు కలగలిసి ఉండడం. గోరు చీలడం, పలచబడడం. గీత మొదలు దగ్గర వెడల్పుగా, కొస దగ్గర సన్నగా ఉందేమో కూడా గమనించండి. కొస భాగం పాత గోరు, మొదలు కొత్త గోరు కాబట్టి, అలా ఉంటే రంగు వేసే కణాల మేర పెరుగుతోందన్నమాట. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి నలుపు పాకడం. హచిన్సన్ గుర్తు అని దీనికి పేరు. అది కనిపిస్తే ఫోటోలు తీస్తూ వారాలు గడపకండి. మీది ఒకే వేలు, అదీ బొటనవేలు, వయసు నలభై దాటింది కనుక ఎలాగూ ఈ నెలలోనే చర్మవ్యాధి నిపుణులకు చూపించండి. వారు భూతద్దం వంటి డెర్మటోస్కోప్‌తో చూసి, అవసరమైతే గోరు మొదలు నుంచి చిన్న ముక్క తీస్తారు.

ప్రశ్న: నాకు ఒంటి మీద చిన్నవీ పెద్దవీ కలిపి నలభై దాకా పుట్టుమచ్చలు ఉన్నాయి. అవన్నీ తీయించుకోవడం క్షేమమా?

జవాబు: అక్కరలేదు. మెలనోమాలలో మూడింట రెండు వంతులకు పైగా ఏ మచ్చా లేని చర్మం మీద కొత్తగానే పుడతాయి. ఉన్న మచ్చలన్నీ తీయించుకున్నా ఆ భాగం ప్రమాదం అలాగే ఉంటుంది, పైగా నలభై గాట్ల మధ్య కొత్త మచ్చను గుర్తించడం కష్టమవుతుంది. మచ్చల సంఖ్య ఎక్కువగా ఉన్నవారికి ముప్పు కొంత ఎక్కువన్నది నిజమే, కానీ దానికి చేయవలసినది మచ్చలను కనిపెట్టుకొని ఉండడం. పుట్టుకతోనే అరచేతి వెడల్పు దాటి ఉన్న పెద్ద మచ్చల సంగతి వేరు; అవి చిన్నప్పటి నుంచే నిపుణుల కంటి కింద ఉండాలి.

దేన్ని చూపించాలన్నదానికి న్యూయార్క్ వైద్యులు 1985లో నాలుగు గుర్తులు చెప్పారు. 2004లో అయిదవది చేర్చారు. మచ్చను మధ్యలో గీత గీసినట్టు ఊహించుకుంటే రెండు సగాలూ ఒకదానితో ఒకటి పోలకపోవడం, అంచులు వంకరటింకరగా లేదా సిరా చెదిరినట్టు ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు ఉండడం, ఆరు మిల్లీమీటర్లు దాటి ఉండడం, చివరగా మార్పు. నా మట్టుకు నాకు ఈ చివరి గుర్తే మిగిలిన నాలుగింటి పెట్టు. పెద్దవారిలో కొత్తగా వచ్చి వారాలలో, నెలలలో మారుతున్న మచ్చ ఎంత చిన్నదైనా చూపించవలసిందే. ముప్పై ఏళ్ళుగా వంకరగానే ఉన్న మచ్చ తొందరపెట్టదు. ఒంటి మీద మిగిలిన మచ్చలన్నిటికీ ఒక పోలిక ఉండి, ఒకటి మాత్రం ఏ పోలికకూ చెందకుండా వేరుగా కనిపిస్తే దాన్ని కూడా చూపించండి.

ఈ గుర్తులకు దొరకని మెలనోమా ఒకటి ఉంది. బొడిపెలాగా, గుండ్రంగా, గట్టిగా లేచి, వారాల వ్యవధిలోనే పెరిగే నాడ్యులర్ రకం అది. దానికి వంకర అంచులు ఉండవు. కొన్నిసార్లు నలుపు కూడా ఉండదు, ఎర్రగా, గులాబీ రంగులో మొటిమలా కనిపిస్తుంది. ఒక నెల దాటినా తగ్గకుండా పెరుగుతున్న గట్టి బొడిపె ఏ రంగులో ఉన్నా అశ్రద్ధ చేయవద్దు.

ప్రశ్న: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మా పెద్దలు అంటున్నారు. నిజమా?

జవాబు: నిజం కాదు. ముక్క తీయడం వల్ల మెలనోమా వ్యాపించినట్టు ఆధారం లేదు. అప్పటికే పాకి ఉన్న జబ్బు బయాప్సీ తరవాత బయటపడడంతో ఆ నింద కత్తి మీద పడింది. వీలైనంత వరకు మచ్చ మొత్తాన్నీ, చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల చర్మంతో, పూర్తి లోతున తీయాలి. పై పైన గీకి తీస్తే అసలు లోతు ఎంతో తెలియకుండా పోతుంది, చికిత్స అంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. అరికాలిలో పెద్ద మచ్చ అయితే అన్నిటికన్నా దళసరిగా, నల్లగా ఉన్న చోటి నుంచి ముక్క తీస్తారు.

అరికాలి విషయంలో కత్తి పట్టక ముందే చాలా చెప్పగల పరీక్ష డెర్మటోస్కోపీ. వేలిముద్రలో ఉన్నట్టే అరికాలి చర్మంలోనూ గట్లూ, గట్ల మధ్య చాళ్ళూ ఉంటాయి. భూతద్దం వంటి ఆ పరికరంలోంచి చూస్తే గట్ల వెంబడి స్వేద రంధ్రాలు తెల్లని చుక్కల వరుసలా కనిపిస్తాయి. మామూలు మచ్చలో రంగు చాలావరకు చాళ్ళలో నిలుస్తుంది. మెలనోమాలో గట్ల మీదికి ఎక్కుతుంది. ఒకసారి గమనిస్తే మరిచిపోలేని తేడా అది.

ప్రశ్న: మా చెల్లెలు బుగ్గ మీది మచ్చను అందం కోసం లేజర్‌తో తీయించుకుంది. ఇప్పుడు అదే చోట మళ్ళీ నల్లగా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: తీయకముందు ఎవరైనా డెర్మటోస్కోప్‌తో చూశారా అన్నది మొదటి ప్రశ్న. లేజర్ మచ్చను కాల్చివేస్తుంది కాబట్టి పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు. పై పైన తీసిన మామూలు మచ్చ కూడా గాటులో మళ్ళీ నల్లబడవచ్చు. అయితే అలా తిరిగి వచ్చినది బయటి నుంచి చూడడానికి మెలనోమాలాగే వంకరగా ఉంటుంది. అందువల్ల ఇప్పుడు మళ్ళీ లేజర్ చేయించకండి. దాన్ని కోసి తీయించి పాథాలజీకి పంపండి, వెంట ఇచ్చే కాగితంలో ఇంతకు ముందు లేజర్ చేసిన సంగతీ, తేదీ రాయించండి. పాత ఫోటోలలో ఆ మచ్చ స్పష్టంగా కనిపించేవి ఉంటే అవి కూడా ఉపయోగపడతాయి. ఖచ్చితంగా మామూలు మచ్చ అని తేలకుండా నల్లమచ్చ మీద లేజర్ వాడకూడదన్నది నా అభిప్రాయం.

ప్రశ్న: ఈ జబ్బు అంటుకుంటుందా? పిల్లలకు వస్తుందా?

జవాబు: అంటుకోదు. వంశపారంపర్యం కొంత ఉంది. 1820లో విలియం నోరిస్ అనే ఇంగ్లండు వైద్యుడు తన మెలనోమా రోగి గురించి రాస్తూ, ఆయన తండ్రి కూడా ఇలాంటి జబ్బుతోనే పోయారని గమనించారు. ఇప్పుడు మెలనోమా వచ్చినవారిలో పదింట ఒకరికి కుటుంబంలో మరొకరికి కూడా వచ్చి ఉంటుందని తెలుసు. అలాంటి కొన్ని కుటుంబాలలో సీడీకేఎన్2ఏ అనే జన్యువులో లోపం కనిపిస్తుంది. అదే లోపం క్లోమ క్యాన్సర్ ముప్పును కూడా పెంచుతుంది. రక్తసంబంధీకులలో ఇద్దరు ముగ్గురికి మెలనోమా ఉంటే జన్యు సలహా తీసుకోవడం సబబు. ఒక్కరికే వచ్చినప్పుడు, అందులోనూ అరికాలి రకమైతే, పిల్లల విషయంలో ఆందోళన పడవలసినంత ఏమీ లేదు.

ప్రశ్న: మా తమ్ముడికి మెలనోమా ఊపిరితిత్తులకూ కాలేయానికీ పాకింది. ఒక డాక్టరు ఇమ్యునోథెరపీ అంటున్నారు, మరొకరు జన్యు పరీక్ష వచ్చాక మాత్రలు ఇవ్వవచ్చు అంటున్నారు. ఏది మంచిది? అసలు ఆశ ఉందా?

జవాబు: పదిహేను ఇరవై ఏళ్ళ కిందట ఈ ప్రశ్నకు జవాబు రాయడం చాలా కష్టంగా ఉండేది. పాకిన మెలనోమాకు అప్పుడున్న కీమో మందులు కొద్దిమందిలోనే పనిచేసేవి, ఎక్కువమంది ఏడాది దాటేవారు కాదు. ఇప్పటి పరిస్థితి అది కాదు.

మన రోగనిరోధక కణాలకు క్యాన్సర్‌ను గుర్తుపట్టే శక్తి ఉంది, కానీ అవి హద్దు మీరి సొంత శరీరాన్నే దెబ్బతీయకుండా వాటికి కొన్ని బ్రేకులు కూడా ఉన్నాయి. క్యాన్సర్ ఆ బ్రేకులను తొక్కిపట్టి తప్పించుకుంటుంది. ఆ బ్రేకులను వదులు చేసే మందులే ఇమ్యునోథెరపీ మందులు: ఇపిలిముమాబ్‌కు 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు 2014లో అమెరికాలో అనుమతి లభించింది. దీనికి పునాది వేసిన జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి ఇచ్చిన పెద్ద అధ్యయనంలో అయిదేళ్ళ తరవాత సగం మంది, పదేళ్ళ తరవాత నూటికి 43 మంది జీవించి ఉన్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో మెలనోమా కాలేయానికీ మెదడుకూ పాకినట్టు తేలింది. శస్త్రచికిత్స, రేడియేషన్, పెంబ్రోలిజుమాబ్ తరవాత ఆయన మరో తొమ్మిదేళ్ళు జీవించి, 2024 డిసెంబరులో నూరేళ్ళ వయసులో మరణించారు. అందరికీ అలా జరగదు. జరగడం సాధ్యమని మాత్రం అది చూపింది.

మాత్రల సంగతి. కణితిలో బీరాఫ్ అనే జన్యువు మారి ఉంటేనే అవి పనిచేస్తాయి. ఎండ వల్ల వచ్చే రకాలలో సుమారు సగం మందికి ఆ మార్పు ఉంటుంది. అరికాలి, గోటి రకంలో చాలా తక్కువ మందికే ఉంటుంది. మాత్రలు త్వరగా, కొన్నిసార్లు రోజులలోనే గుణం చూపిస్తాయి, కానీ చాలామందిలో కొంతకాలానికి క్యాన్సర్ వాటికి లొంగకుండా పోతుంది. ఇమ్యునోథెరపీ నెమ్మదిగా పనిచేస్తుంది, అందరిలోనూ పనిచేయదు, అరికాలి రకంలో ఇంకా తక్కువ, అయినా పనిచేసినవారిలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. అందువల్ల రెండింటికీ అవకాశం ఉంటే సాధారణంగా ఇమ్యునోథెరపీతో మొదలుపెడతారు. జబ్బు మరీ వేగంగా ముదురుతుంటే మాత్రలు ముందుకు రావచ్చు. కాబట్టి మీ ఇద్దరు డాక్టర్ల మాటలలో వైరుధ్యం లేదు. జన్యు పరీక్షకు పంపమనండి, తమ్ముడి మెలనోమా మొదట ఎక్కడ వచ్చిందో ఇద్దరికీ చెప్పండి.

ఒక హెచ్చరిక. బ్రేకులు వదులైన రోగనిరోధక వ్యవస్థ పేగుల మీద, థైరాయిడ్ మీద, కాలేయం మీద, ఊపిరితిత్తుల మీద పడవచ్చు. ఇమ్యునోథెరపీలో ఉన్న మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో ఉన్న మాత్ర వేసి ఊరుకోకూడదు. కొత్తగా ఆయాసం వచ్చినా, కళ్ళు పచ్చబడినా అంతే. అదే రోజు క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయాలి. వెంటనే స్టెరాయిడ్లు మొదలుపెడితే వీటిలో చాలావరకు అదుపులోకి వస్తాయి. చివరి డోసు తీసుకొని నెలలు గడిచాక కూడా ఇవి రావచ్చు కనుక వేరే ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ మందు సంగతి మొదటి మాటగా చెప్పమనండి.

ప్రశ్న: సన్‌స్క్రీన్ రోజూ రాసుకుంటే మెలనోమా రాదా?

జవాబు: తెల్లని చర్మం ఉన్నవారికి అది ముప్పును తగ్గిస్తుంది. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో మెలనోమాను ఆపుతుందనడానికి తగిన ఆధారం లేదు; మంగు మచ్చలు ముదరకుండా ఉండడానికి మాత్రం వారికీ పనికివస్తుంది. రాసుకునేవారు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది పలుచగా కాకుండా రాసుకొని, ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్ళీ రాసుకోవాలి. చర్మం రంగు మార్చుకోవడానికి వాడే టానింగ్ పడకల జోలికి ఎవరూ పోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో వాటిని పొగాకు ఉన్న తరగతిలోనే చేర్చింది.

ప్రశ్న: పాదం మెలనోమాకు ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది. లోతు 0.7 మి.మీ., పుండు లేదన్నారు. ప్రతి మూడు నెలలకూ పెట్ స్కాన్ తీయించుకోవాలనుకుంటున్నాను. సరేనా?

జవాబు: ఇంత పలుచని మెలనోమాకు, లక్షణాలు ఏమీ లేనప్పుడు, స్కానులు అక్కరలేదు. వాటిలో కనిపించే సంబంధం లేని చిన్న చిన్న నీడలు మిమ్మల్ని మరిన్ని పరీక్షల చుట్టూ తిప్పుతాయి. డాక్టరు చెప్పిన వ్యవధిలో చర్మమంతా చూపించుకోండి. తిరిగి వచ్చే మెలనోమాను చాలాసార్లు మొదట కనిపెట్టేది రోగే. అందుకని నెలకొకసారి గాటునూ దాని చుట్టుపక్కలనూ, అక్కడి నుంచి గజ్జ దాకా కాలి చర్మాన్నీ చూసుకోండి. చర్మం కింద కొత్తగా చిన్న గట్టి గుళికలు తగులుతున్నాయేమో గమనించండి. మిగిలిన ఒంటి మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి, ఒకసారి మెలనోమా వచ్చినవారికి వేరే చోట రెండవది పుట్టే అవకాశం ఇతరులకన్నా ఎక్కువ. గజ్జలో వేళ్ళతో ఎలా తడమాలో డాక్టరు చేత ఒకసారి చేయించుకొని నేర్చుకోండి. స్నానం చేసేటప్పుడు సబ్బు నురగ మీద వేళ్ళు జారుతూ ఉంటే చిన్న బిళ్ళ కూడా తేలికగా తెలుస్తుంది.